ప్రధానికి రాసిన ఉత్తరం ఎక్కడికి వెళ్తుంది?



ముందుగా మన గదుల్లో జరిగిన సంగతి ఒకటి చెప్పి అసలు విషయానికి వస్తాం. రెండేళ్ల కిందట డిగ్రీ పూర్తి చేసిన మన అన్న ఒకరికి పి.జి.లో సీటు వచ్చింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి రాలేదు కనుక ఆ డబ్బు కడితేనే టి.సి., సర్టిఫికెట్లు ఇస్తామని కాలేజీవాళ్లు చెప్పారు. అన్న వాళ్ల నాన్న కూలికి పోయే మనిషి. ఆ రాత్రి భోజనాలయ్యాక అందరం హాల్లో కూర్చున్నాం. "చిన్న ఆఫీసులకు రాస్తే ఏం లాభం? రాస్తే ప్రధానమంత్రికే రాద్దాం" అన్నాడు మాలో ఒకడు. అందరం సంతకాలు చేసి స్పీడ్ పోస్టులో పంపాం.

కొన్ని వారాలకు జవాబు వచ్చింది. అందులో ఒక నంబరు, "తగు చర్య నిమిత్తం రాష్ట్ర ప్రభుత్వానికి పంపడమైనది" అని ఒక వాక్యం. ప్రధాని మన ఉత్తరం చదవనే లేదని చాలా బాధపడ్డాం. మరికొన్ని రోజులకు అదే కాగితం జిల్లా సంక్షేమ కార్యాలయానికి చేరింది. అక్కడి నుంచి వార్డెన్ సారుకు ఫోను వచ్చింది. అధికారి కాలేజీతో మాట్లాడిన మర్నాడే సర్టిఫికెట్లు చేతికి వచ్చాయి. కానీ సీటులో చేరవలసిన గడువు దాటి అప్పటికి తొమ్మిది రోజులైంది. అన్న ఒక ఏడాది పెట్రోలు బంకులో పనిచేసి, మళ్లీ పరీక్ష రాసి, తరువాతి సంవత్సరం చేరాడు.

ఆ తొమ్మిది రోజులు ఎక్కడ పోయాయి? ఆ ప్రశ్నతోనే ప్రధానమంత్రి కార్యాలయం ఎలా పనిచేస్తుందో మేము చదవడం మొదలుపెట్టాం. తెలుసుకున్నది మీతో పంచుకుంటున్నాం.

రాజ్యాంగంలో పేరు లేని కార్యాలయం

మన రాజ్యాంగం 74, 75, 78 అధికరణాలలో ప్రధానమంత్రి గురించి, మంత్రిమండలి గురించి చెబుతుంది. ప్రధాని కార్యాలయం అనే మాట మాత్రం అందులో లేదు. 1947లో స్వాతంత్ర్యం వచ్చినప్పుడు నెహ్రూగారి అవసరాల కోసం ప్రధానమంత్రి సచివాలయం అనే చిన్న కార్యాలయం ఏర్పడింది. 1961లో కేంద్ర ప్రభుత్వ పనుల పంపిణీ నియమాలు వచ్చాయి. ఏ శాఖ ఏ పని చూడాలో ఆ నియమాలు చెబుతాయి. వాటి ప్రకారం ఈ కార్యాలయం చేయవలసింది ఒక్కటే: ప్రధానికి తోడ్పడటం. 1964లో లాల్ బహదూర్ శాస్త్రిగారు ఎల్.కె.ఝా అనే ఐ.సి.ఎస్. అధికారిని కార్యదర్శిగా తెచ్చుకున్నప్పటి నుంచి దాని బలం పెరిగింది. ఇందిరాగాంధీ కాలంలో పి.ఎన్.హక్సర్ చేతిలో ఇంకా పెరిగింది. 1977లో మొరార్జీ దేశాయ్ ప్రధాని అయ్యాక దాని పేరు ప్రధానమంత్రి కార్యాలయం అని మారింది.

అక్కడ ఎవరుంటారు?

అందరికంటే పైన ప్రిన్సిపల్ సెక్రటరీ ఉంటారు. దేశ భద్రతకు సంబంధించిన విషయాలు జాతీయ భద్రతా సలహాదారు చూస్తారు. ఈ పదవి 1998లో ఏర్పడింది. వారి కింద అదనపు కార్యదర్శులు, సంయుక్త కార్యదర్శులు, డైరెక్టర్లు ఉంటారు. ఒక్కొక్కరికి కొన్ని మంత్రిత్వ శాఖలు అప్పగిస్తారు. ఆయా శాఖల నుంచి వచ్చే ఫైలు చదివి, సారాంశం రాసి, ఇబ్బంది ఎక్కడుందో చూపించి పైకి పంపడం వారి పని.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. కేబినెట్ సచివాలయం వేరు, ప్రధాని కార్యాలయం వేరు. మంత్రివర్గ సమావేశాల ఏర్పాట్లు, తీర్మానాల నమోదు, శాఖల మధ్య సమన్వయం కేబినెట్ కార్యదర్శి చూస్తారు. ప్రధాని కార్యాలయం ప్రధానికి కళ్లు, చెవుల వంటిది.

ఈ కార్యాలయం గట్టిగా నిలబడితే ఎంత వేగంగా పని జరుగుతుందో మన తెలుగువాడు పి.వి.నరసింహారావుగారి కాలం చూపించింది. 1991 జూన్ 21న ఆయన ప్రధాని అయ్యారు. పరిశ్రమల శాఖను తన దగ్గరే ఉంచుకున్నారు. జూలై 24న, అంటే ఐదు వారాలు తిరగకముందే, కొత్త పారిశ్రామిక విధానం పార్లమెంటు ముందుకు వచ్చింది. ఆయన ప్రిన్సిపల్ సెక్రటరీ ఎ.ఎన్.వర్మ. విదేశీ పెట్టుబడుల దరఖాస్తులు చూసే బోర్డును కూడా అప్పట్లో ప్రధాని కార్యాలయంలోనే పెట్టారు.

బలం ఉన్నచోట భయం కూడా ఉంటుంది. అత్యవసరమైతే మంత్రివర్గం కూర్చోకముందే ప్రధాని నిర్ణయం తీసుకోవడానికి నియమాలు వీలిస్తాయి. తరువాత మంత్రివర్గం ఆమోదించాలి. 1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ ప్రకటన మీద రాష్ట్రపతి సంతకం అయింది. మంత్రులు సమావేశమై ఆమోదించింది మర్నాడు ఉదయం. ఒక్క కార్యాలయంలో అధికారమంతా చేరితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

మన స్కాలర్‌షిప్ ఫైలు నడక

మామూలుగా అయితే ఫైలు మెట్లెక్కుతూ పోతుంది. మనకు తెలిసిన ఉదాహరణే తీసుకుందాం. ఎస్సీ విద్యార్థుల పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944 నుంచి ఉంది. కేంద్రం, రాష్ట్రాల మధ్య ఖర్చు పంపకం పాత లెక్కలో రాష్ట్రాల మీద భారం ఎక్కువగా పడేది. దాన్ని మార్చాలంటే ముందు సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ ప్రతిపాదన తయారు చేయాలి. ఆర్థిక శాఖ, సంబంధించిన ఇతర శాఖలు అభిప్రాయం చెప్పాలి. అప్పుడు కేబినెట్ నోట్ సిద్ధమవుతుంది. దాని ప్రతి ప్రధాని కార్యాలయానికి వెళ్తుంది. అభ్యంతరాలు ఉంటే అక్కడే తేలాలి. చివరికి ప్రధాని అధ్యక్షతన గల మంత్రివర్గ సంఘం ముందుకు వస్తుంది. ఈ స్కాలర్‌షిప్ మార్పులకు 2020 డిసెంబరులో ఆమోదం వచ్చింది. ఖర్చులో కేంద్రం 60 వంతులు, రాష్ట్రం 40 వంతులు. మొత్తం 59,048 కోట్ల రూపాయలలో కేంద్రం వాటా 35,534 కోట్లు.

అంటే ఢిల్లీలో నిర్ణయమయ్యేది లెక్క, పంపకం. మన కాలేజీ బకాయి, మన సర్టిఫికెట్టు మాత్రం రాష్ట్రం చేతిలో, జిల్లా చేతిలో ఉండే పనులు.

ఉత్తరం దారి

ఇప్పుడు మన ఉత్తరం సంగతి అర్థమవుతుంది. ప్రధాని కార్యాలయంలో ప్రజల ఉత్తరాలు చూడటానికి ప్రత్యేక విభాగం ఉంది. అక్కడివారు ఉత్తరం చదివి, అది ఎవరి పనో గుర్తించి, రిజిస్ట్రేషన్ నంబరు ఇచ్చి పంపుతారు. ఫిర్యాదుల కోసం 2007లో మొదలైన కేంద్ర కంప్యూటర్ వ్యవస్థ ద్వారా అది మంత్రిత్వ శాఖకో, రాష్ట్ర ప్రభుత్వానికో వెళ్తుంది. రాష్ట్రం నుంచి శాఖకు, శాఖ నుంచి జిల్లాకు దిగుతుంది. మన ఉత్తరం చెత్తబుట్టలో పడలేదు. మన ఊరి నుంచి ఢిల్లీ వెళ్లి, మెట్టు మెట్టూ దిగి, మన హాస్టలుకు నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆఫీసుకు వచ్చింది. ఆ ప్రయాణంలోనే తొమ్మిది రోజులు, వాటితోపాటు ఒక సంవత్సరం పోయాయి. సైకిలు మీద వెళ్లి అర్జీ ఇచ్చి ఉంటే బహుశా ఆ వారంలోనే పని జరిగేది.

కాబట్టి తమ్ముళ్లకు మా మనవి. మొదటి అర్జీ పని చేయవలసిన అధికారికే ఇవ్వండి. రశీదు తప్పకుండా తీసుకోండి. అసలు సర్టిఫికెట్లను ఉన్నత విద్యాసంస్థలు తమ దగ్గర ఉంచుకోరాదని యు.జి.సి. 2018లో చెప్పింది, ఆ మాట అర్జీలో రాయండి. చేరే గడువు తేదీని పై వరుసలోనే పెట్టండి. కదలిక లేకపోతే కలెక్టరు గారికి, ఆపైన రాష్ట్ర శాఖకు వెళ్లండి. అప్పటికీ కాకపోతే ప్రధాని కార్యాలయానికి రాయండి, పాత రశీదుల నకళ్లు జతచేయండి. మన ఫైలు ఎక్కడ ఆగిందో అడగడానికి 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. కేంద్ర కార్యాలయాలకు రుసుము 10 రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ఇంకొక్క మాట. ఆఫీసు అంటే గోడలు కాదు, ఫైలు మీద రాసే మనిషి. మన రాష్ట్రంలో సాంఘిక సంక్షేమ శాఖ కార్యదర్శిగా పనిచేసిన ఎస్.ఆర్.శంకరన్‌గారిని మన పెద్దన్నలు ఇప్పటికీ తలచుకోవడానికి కారణం అదే. జిల్లా ఆఫీసులోనైనా, ఢిల్లీలోనైనా మన హాస్టలు పిల్లలు కూర్చునే రోజు వస్తుంది. ఆ రోజు ఎదుటి అర్జీలో గడువు తేదీ ఏముందో ముందుగా చూడాలని ఇప్పుడే అనుకుందాం.

అన్న రాసిన ఆ మొదటి అర్జీ నకలు, జిల్లా కార్యాలయం చిరునామా హాస్టలు నోటీసు బోర్డులో పెట్టాం. అవసరమైనవారు రాసుకోండి.