ఓడ గర్భములో పశువులు - గాలి పరీక్ష

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు రహదారి మీద కేతేపల్లి కలదు. వేసవిలో ఎడ్లతోనో గొఱ్ఱెలతోనో ఆ దారిని పోవు లారీలో పశువు రొప్పుచున్నట్లు తోచినచో, డ్రైవరు ఒక చింతచెట్టు నీడన బండి నిలిపి నీళ్లు పెట్టవచ్చును. సముద్రము మీద చెట్టు లేదు. ఓడ నిలిచినచో ఉన్న గాలియు తగ్గును.

మన పశువులకు సముద్రప్రయాణము క్రొత్త కాదు. 1868లో ఒంగోలు జంట యొకటి బ్రెజిల్ దేశపు సాల్వడార్ రేవున దిగినది. 1960 ప్రాంతమున మరికొన్ని పోయినవి. నెల్లూరు పేర 'నెలోర్' అని పిలువబడు ఆ సంతతియే నేడచ్చటి పశుసంపదలో ప్రధానము. వదులైన చర్మము గల ఆ జాతి యూరపు పశువులకంటె ఎండకు బాగుగా ఓర్చును. కాని ఓడ గర్భములో ఓర్చవలసినది ఎండను కాదు, ఉక్కను.

క్రొత్తకుండలో నీరేల చల్లబడును? పైకి ఊరిన తడి ఆరుచు వేడిమిని హరించును గనుక. పశువు చెమర్చుటయు, రొప్పుటయు ఈ సూత్రము చొప్పుననే. గాలిలో తేమ నిండియున్నచో తడి ఆరదు. పశువు ఒడలు చల్లబడదు. దీనిని కనుగొనుటకు రెండు ఉష్ణమాపకములను ప్రక్కప్రక్కన ఉంచి, ఒకదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టుదురు. మన మెట్టసీమలో 40 డిగ్రీల ఎండ కాయుచు, తేమ 20 శాతమే యున్ననాడు తడిగుడ్డ మాపకము సుమారు 23 చూపును. ఓడలో 33 డిగ్రీలే యుండి, తేమ 90 శాతమైనచో అది 31 దాటును. అంకె చూచి రెండవదియే చల్లనిదని భ్రమపడుదుము. పశువునకు ప్రాణాంతకమైనది అదియే.

రెండవ శత్రువు అమ్మోనియా. మూత్రములోని యూరియా, పేడలోని సూక్ష్మజీవుల మూలమున, ఈ వాయువుగా మారును. రాత్రియంతయు మూసిన కొట్టము తలుపు తెరచినంతనే కండ్లు మండుట ఎవరెరుగరు? పది లక్షల పాళ్ల గాలిలో ఇది 25 పాళ్లు మించరాదని సాధారణముగా హద్దు పెట్టుకొందురు. దీనిని ముక్కుతో కొలువరాదు. కొంతసేపటికి ముక్కు ఆ వాసనకు అలవడిపోవును. పరికరమే కావలెను. అదియు నావికుల గదిలోనో, నడవలోనో కాదు, దొడ్లలో పశువు తల యెత్తున ఉండవలెను. నడవలో వ్రాసిన లెక్క కాగితమునకే గాని పశువునకు పనికిరాదు.

ఓడ పోవు దిక్కుననే, అంతే వేగముతో గాలి వీచినచో, తెరపి అంతస్తులలోని గాలి కదలక నిలిచిపోవును. అట్టివేళ నావికులు ఓడను వంకరటింకరగా నడుపుట కలదు.

2017 ఆగస్టులో ఆస్ట్రేలియా నుండి పారశీక సింధుశాఖకు పోయిన 'అవస్సి ఎక్స్‌ప్రెస్' ఓడలో ఉక్కకు తాళలేక సుమారు 2,400 గొఱ్ఱెలు చనిపోయినవి. ఓడలోపల తీసిన చిత్రములు మరుసటి ఏట లోకమునకు తెలిసినవి. పిదప అట్టి వేసవి ప్రయాణములపై నిషేధము వచ్చినది. 2028 మే 1 నుండి గొఱ్ఱెలను ప్రాణములతో ఓడలపై పంపరాదని 2024లో ఆ దేశము చట్టము చేసినది. ఆ చట్టము గొఱ్ఱెలకే; ఆవులను, ఎద్దులను ఎక్కించుకొన్న ఓడలు పోవుచునే యున్నవి.