‘తెల్లారేదాకా చూద్దాం’ అనకండి!

హిజ్రీ 5వ సంవత్సరం, అంటే క్రీ.శ. 627. కందక యుద్ధంలో హజ్రత్ సాద్ బిన్ ముఆజ్ (రజి) చేతికి బాణం తగిలి తీవ్రంగా గాయపడ్డారు. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఆయన కోసం మదీనా మసీదులోనే గుడారం వేయించారు. దగ్గరుండి పరామర్శించడానికి వీలుగా ఉండాలన్నది ఆయన ఉద్దేశం. గాయపడినవారికి చికిత్స చేసిన ఆ గుడారం రుఫైదా (రజి) అనే మహిళది అని చరిత్రకారులు రాశారు. అంటే ప్రార్థన జరిగే చోటే చికిత్స కూడా జరిగిందన్నమాట! ప్రాణం కాపాడటం ఆరాధనకు అడ్డు అని ఆ రోజు ఎవరూ అనుకోలేదు.

మరి మనం ఏం చేస్తున్నాం? అర్ధరాత్రి ఇంట్లో పెద్దాయనకు గుండె బరువెక్కితే ‘గ్యాస్ అయి ఉంటుంది, సోడా తాగించండి’ అంటాం. పసివాడు డొక్కలెగరేస్తుంటే ‘దిష్టి తగిలింది’ అంటాం. తావీజు కట్టి, దువా చేసి, తెల్లారేదాకా చూద్దాం అంటాం. దువా చేయాల్సిందే. అయితే ముందు ఒంటెను కట్టివేసి, ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమని చెప్పిన ప్రవక్త (స) అనుచరులం మనం. ఆ సంగతి మరువరాదు.

పట్నవాసికి గంట ఆలస్యమైతే గంటే. పల్లెవాసికి అలా కాదు. తిరువూరు ప్రాంతంలోని వినగడపనే తీసుకుందాం. వానాకాలంలో కట్లేరు పొంగితే వినగడప, తోటమూల మధ్య రాకపోకలు ఆగిపోతాయి. తిరువూరులో ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నా, పెద్ద వైద్యం కావాలంటే అక్కడి నుంచి సుమారు 70 కిలోమీటర్ల దూరంలోని విజయవాడకు వెళ్లాలి. దారిలో పోయే సమయాన్ని మనం తగ్గించలేం. కానీ ఇంట్లో తర్జనభర్జనలతో పోగొట్టుకునే సమయం మన చేతుల్లోనే ఉంది.

ఏది ఆగుతుంది? ఏది ఆగదు?

ప్రతి జలుబుకూ, ప్రతి తలనొప్పికీ పరుగెత్తమని మేము చెప్పడం లేదు. ఒకటి రెండు రోజుల జ్వరం వచ్చినా మనిషి తింటూ, మాట్లాడుతూ ఉంటే మర్నాడు డాక్టరుకు చూపించవచ్చు. విరేచనాలవుతున్నా బిడ్డ ఆడుకుంటూ, నీళ్లు తాగుతూ, మూత్రం పోస్తూ ఉంటే ఓఆర్ఎస్ పట్టిస్తూ కనిపెట్టుకుని ఉండవచ్చు. కానీ కొన్ని ఆగవు.

ఛాతీ మధ్యలో బరువు, నొక్కినట్లుండటం, ఆ నొప్పి ఎడమ చేతికో, దవడకో, వీపుకో పాకడం, చెమటలు పట్టడం, ఆయాసం: ఇవి గుండెపోటు గుర్తులు. ఆడవారిలోనూ, షుగర్ ఉన్నవారిలోనూ నొప్పి అంతగా లేకుండానే ఆయాసం, వికారం, నీరసం రావచ్చు. రోగిని నడిపించవద్దు. మోటారు సైకిలు మీద మధ్యలో కూర్చోబెట్టి తీసుకుపోవద్దు.

మూతి ఒక పక్కకు లాగడం, ఒక చెయ్యి పట్టు తప్పడం, మాట ముద్దగా రావడం: ఇది పక్షవాతం. గడ్డ కట్టిన రక్తాన్ని కరిగించే మందును సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. అంతకు ముందు తలకు స్కానింగ్ తీయాలి. కాబట్టి స్కానింగ్ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లమని అడగండి. రోగి చివరిసారి ఎన్ని గంటలకు బాగున్నాడో గుర్తుపెట్టుకుని డాక్టరుకు చెప్పండి. నోట్లో నీళ్లు పోయకండి.

పాము కాటు విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. నేల మీద పడుకున్నవారిని కట్లపాము కాటేస్తే నొప్పీ, వాపూ పెద్దగా ఉండకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం మొదలవుతాయి. కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించి కట్టడం మంచివి కావు. కాటు పడిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి.

రెండు నెలలు దాటిన ఏడాది లోపు బిడ్డ నిమిషానికి 50 సార్లకు మించి, ఏడాది నుంచి ఐదేళ్ల బిడ్డ 40 సార్లకు మించి ఊపిరి తీస్తుంటే వెంటనే డాక్టరుకు చూపించాలి. డొక్కలు లోపలికి పోతున్నా, పాలు తాగకపోయినా, మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా ఒక్క నిమిషం ఆగకూడదు. గర్భిణికి రక్తస్రావం, ఫిట్స్, తీవ్రమైన తలనొప్పి, కళ్లు మసకబారడం కనిపించినా అంతే.

ఉపవాసం ఉన్నప్పుడు

షుగర్ రోగులు ఉపవాసం పాటించేటప్పుడు వణుకు, చెమటలు, తికమక కనిపిస్తే వెంటనే రక్తపరీక్ష చేసుకోవాలి. షుగర్ 70 కంటే తగ్గినా, 300 దాటినా ఉపవాసం విరమించాలని డాక్టర్లు చెబుతున్నారు. తగ్గినప్పుడు, స్పృహ ఉంటే చక్కెర నీళ్లు ఇవ్వండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ వేయకండి. వ్యాధిగ్రస్తులకు దివ్యఖురాన్‌లోని అల్ బఖరా సూరా ఉపవాసం నుంచి సడలింపు ఇచ్చింది. అల్లాహ్ ఇచ్చిన సడలింపును కాదని ప్రాణం మీదకు తెచ్చుకోవడం భక్తి అవుతుందా?

ఇంట్లో మగవారు లేరని, పరాయి మగ డాక్టరు చూడాల్సి వస్తుందని ఆడవారు బాధను దాచుకుంటారు. అత్యవసరంలో మగ డాక్టరు చికిత్స చేయవచ్చని ధర్మవేత్తలు స్పష్టంగానే చెప్పారు. అమ్మో, అక్కో, కోడలో నొప్పితో మెలికలు తిరుగుతుంటే, ‘ఆయన రానీ’ అని ఎదురుచూడకండి. ఫోను చేసే హక్కు ఇంట్లో ప్రతి ఒక్కరికీ ఉంది.

జమాత్ చేయదగిన పని

మన రాష్ట్రంలో 2005లో మొదలైన 108 అంబులెన్సు సేవ ఉచితం. ఫోను చేసినప్పుడు ఊరు, వీధి, మసీదో బడో ఏదైనా గుర్తు, రోగి పరిస్థితి చెప్పాలి. వాగు పొంగి ఉంటే ఆ సంగతీ ముందే చెప్పాలి. వానాకాలంలో కాన్పు దగ్గరపడిన ఆడబిడ్డలను కొన్ని రోజుల ముందే ఆసుపత్రి ఉన్న ఊరికి చేర్చడం మంచిది.

ప్రతి మసీదు గోడ మీద ఒక కాగితం అంటించండి. అర్ధరాత్రి పిలిస్తే వచ్చే ఆటో, కారు యజమానుల ఫోను నంబర్లు దానిపై రాయండి. అందులో కులమతాల తేడా వద్దు. ఒక్క ప్రాణం కాపాడితే మానవాళినంతా కాపాడినట్లేనన్న బోధ ముస్లిములకు మాత్రమే పరిమితం కాదు కదా! జుమా నమాజు తర్వాత ఐదు నిమిషాలు ఈ గుర్తులను గురించి మాట్లాడండి.

మృత్యు ఘడియ అల్లాహ్ చేతుల్లో ఉంది. ఫోను మన చేతుల్లో ఉంది. రేపు మనల్ని అడిగేది మన చేతుల్లో ఉన్నదాని గురించే. సమయానికి మేల్కొనే వివేకాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.