పాతాళంలో దేవుడికి చెర

బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుని, తలా ఒక పాత్రగా మాట్లాడుతూ, గెలుపోటములు పాచికలకు వదిలేసి కథ నడుపుకునే ఆటలు అమెరికాలో యాభై ఏళ్ల కిందట పుట్టాయి. వాటిలో మొదటిది 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్'. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ దాన్ని 1974లో మూడు చిన్న పుస్తకాలుగా తెచ్చారు. అప్పటినుంచి ఇలాంటి ఆటలకు కావలసిన కల్పిత లోకాల పటాలు, రాజ్యాలు, మతాలు వర్ణించే పుస్తకాలు వస్తూనే ఉన్నాయి. వాటిని తిరగేస్తే ఒక సంగతి తరచూ తగులుతుంది: భూమి అడుగున ఎక్కడో ఒక దేవుడు బందీగా ఉంటాడు. ఇది పురాణాల మోజు కాదు, ఆట తన అవసరం కొద్దీ పట్టుకున్న ఉపాయం అని నా వాదన. దేవుడు స్వేచ్ఛగా తిరుగుతుంటే ఆటగాళ్లకు పనేముంది? కత్తి పట్టిన పల్లెటూరి కుర్రాడు, నాలుగు మంత్రాలు వచ్చిన అతని నేస్తం ఒక్క చూపుకే బూడిదైపోతారు. పోనీ చచ్చిన దేవుడంటే ఎవరికీ భయముండదు. అదే బందీ అయితే ఆ మహాశక్తిని వాటాలు వేసి కొద్దికొద్దిగా వడ్డించవచ్చు. ఓ చోట బీటవారిన ముద్ర, ఇంకోచోట రహస్య భక్తబృందం, మరోచోట కలలో పిలిచే గొంతు.

చెర నేల కిందే ఎందుకంటే, ఈ ఆటలో లోతే ప్రమాదానికి కొలత. మెట్లు దిగే కొద్దీ జంతువులు పెద్దవవుతాయి, నిధులూ పెరుగుతాయి. ఈ లెక్క 1974 నాటి నియమాల్లోనే ఉంది. అట్టడుగున ఎవరుండాలన్న ప్రశ్నకు జవాబు తర్వాత దొరికింది. 1982లో గైగాక్స్ రాసిన సాహసకథలో థారిజ్డన్ అనే బందీ దేవుడు అసలు కనిపించనే కనిపించడు, పాడుబడ్డ అతని గుడి మాత్రమే కనిపిస్తుంది. 1985 నాటి 'టెంపుల్ ఆఫ్ ఎలిమెంటల్ ఈవిల్'లో గుడి కింద బంధించిన జుగ్ట్‌మోయ్ దేవత కూడా కాదు, బూజుకూ పుట్టగొడుగులకూ రాణి అయిన రాక్షసి. 2010లో వచ్చిన 'అండర్‌డార్క్' అనే పుస్తకం ఇంకా ముందుకెళ్లి, టోరోగ్ అనే గాయపడ్డ దేవుడు పాకిన దారినే సొరంగం చేసింది.

ఈ ఉపాయం బాగా పండింది 'పాత్‌ఫైండర్' ఆటలోని గొలారియన్ లోకంలో అనిపిస్తుంది. అక్కడ గ్రహమే జైలు. లోకాల్ని మింగేసే రోవగగ్‌ను దేవతలంతా కలిసి భూగర్భంలో పడేశారు. తాళంచెవి మాత్రం నరకాధిపతి ఆస్మోడియస్ చేతిలో ఉంది. గోర్ముజ్ అనే నగరం ఆ ఖైదీ భక్తుల పాలబడినప్పుడు, దయకు పేరుపడ్డ సూర్యదేవత సరెన్‌రే కోపం పట్టలేక నగరాన్ని ఒక్క వేటుతో తుడిచిపెట్టింది. ఆ దెబ్బకు పడ్డ అగాధంలోంచే రోవగగ్ సంతానం పైకి వచ్చింది. చెరకు కన్నం పెట్టింది కాపలాదారే! నాలుగు వాక్యాల్లో చెప్పే ఈ గాథలో ఏడాది పాటు ఆడుకునేంత కథ ఉంది.

ఇదంతా పాత పురాణాల నకలే కదా అనవచ్చు. గ్రీకు పురాణాల్లో దేవతలు టైటన్లను టార్టరస్‌లో పడేశారు, మన బలి సుతలానికి దిగాడు, విష్ణువు అతని వాకిట కావలి ఉన్నాడు. నిజమే, కానీ ఆ కథల్లో చెర తీర్పు. తీర్పుతో తగువు తెగిపోతుంది. నార్స్ గాథల్లో లోకీ సంకెళ్లు తెంచుకుంటాడు గానీ, అది ముందే రాసిపెట్టి ఉంది. ఆటలో మాత్రం ఖైదీ బయటపడే రోజు వస్తుందో రాదో పాచికలు తేలుస్తాయి. రెండో అభ్యంతరం ఇంతకన్నా గట్టిది: ఖైదీ బయటికొస్తే లోకం ముగుస్తుంది, రాకపోతే ఆ బెదిరింపంతా ఉత్తదే. దీనికి 2004లో వచ్చిన ఎబెరాన్ లోకం జవాబు చెప్పింది. అక్కడ రాక్షస ప్రభువుల్ని బంధించింది రెక్కల సర్పాల ఆత్మార్పణతో పుట్టిన వెండి జ్వాల. జనం ఆ జ్వాలనే కొలుస్తారు. అందులో వినిపించే గొంతుల్లో బెల్ షలోర్ అనే ఖైదీ గొంతూ కలిసి ఉంటుంది. అతను బయటికి రాకుండానే భక్తుల చేత తప్పులు చేయించగలడు.

ఈ సరుకు అరిగిపోయిందన్న మాటను మాత్రం ఒప్పుకుంటాను. అరగదీసింది ఎవరంటే, గొలుసులు, తాళాలు వర్ణించి ఊరుకునే రచయితలు. కాపలా ఎవరిదో, దానికి వాళ్లు ఏం వదులుకుంటున్నారో చెప్పని పుస్తకంలో బందీ దేవుడు ఉన్నా లేకున్నా ఒకటే. అలాంటిది కొనక్కర్లేదు.