పామరులంటే ఎవరు?

కిందటేడు మన కాలేజీ వ్యాసరచన పోటీలో నాకు రెండో బహుమతి వచ్చింది. విషయం వ్యవసాయం. సంక్రాంతికి ఇంటికెళ్ళి ఆ వ్యాసాన్ని నాన్నకు గొప్పగా చదివి వినిపించాను. "పామరులైన మన రైతులు" అన్నచోట ఆయన ఆపాడు.

"పామరులంటే ఏందిరా?"

"అంటే... మామూలు జనం నాన్నా" అన్నాను. అసలర్థం చెప్పడానికి నోరు రాలేదు.

తిరిగొచ్చాక లైబ్రరీలో కూర్చున్నాను. బి.యస్సీ. వాడికి అమరకోశంతో ఏం పనని మిత్రులు నవ్వారు. అందులో పామరుడు, నీచుడు, ప్రాకృతుడు పర్యాయపదాలుగా ఒకే వరుసలో ఉన్నారు! ఆహ్వాన పత్రికల్లో "పండిత పామర జనరంజకంగా" అని మనం ఎంత ధారాళంగా వేస్తామో గదా. "గ్రామ్యం" సంగతీ ఇంతే. ఊళ్ళో మాట అని దానర్థం. గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) వాడుక భాష కావాలన్నప్పుడు ప్రత్యర్థులు ఆ మాటనే తిట్టుగా విసిరారు.

"ప్రజ" అంటే మొదట సంతానం. రాజు తండ్రి, జనం బిడ్డలు. 1950లో అమలుకొచ్చిన రాజ్యాంగ పీఠికలో రాజు లేడు. "మేము" అని మాట్లాడేది ప్రజలే.

నాకు నచ్చింది "సామాన్యం". అందరికీ ఉమ్మడిగా ఉండేదని అర్థం. చిన్న క్లాసుల్లో గ.సా.భా. కట్టాం కదా, ఆ "సా" ఇదే. 12కీ 18కీ గ.సా.భా. 6. రెంటిలోనూ ఉంది కనుక 6ను ఎవరూ చిన్నచూపు చూడరు. మనుషుల దగ్గరికొచ్చేసరికి సామాన్యుడంటే పలుకుబడి లేనివాడు. "వాడు సామాన్యుడు కాడు" అంటే మాత్రం అది మెప్పో, హెచ్చరికో గొంతునుబట్టి తేల్చుకోవాలి!

మొన్న ల్యాబులో మా పొలం మట్టి కలిపిన నీళ్ళలో పి.హెచ్. కాగితం ముంచి, క్షారం ఎక్కువని రాసుకున్నాను. ఎండకు నేలమీద తేలిన తెల్లటి పొర చూసి "ఈ చెక్క చౌడురా" అని నాన్న నా చిన్నప్పుడే చెప్పాడు. పామరుడు!

ఆ బహుమతి వ్యాసాన్ని కూడా ఈ సంచికలో వేస్తామన్నారు సంపాదక మిత్రులు. ఆ మాట కొట్టేయమన్నాను. బదులు ఏం వెయ్యమంటావని అడిగారు. ఏమీ వద్దు, "మన రైతులు" అని ఉంచండి చాలన్నాను.