తొలి అక్వేరియం: చేపల కంటే ముందు సూక్ష్మజీవులు

మూడేళ్ల క్రితం మా చిన్నమ్మాయి కోరిక మేరకు ఇంటికి ఒక గాజు తొట్టె తెచ్చాను. ఆ సాయంత్రమే అడుగున గులకరాళ్లు పరచి, నీరు నింపి, ఫిల్టరు బిగించి, పది గప్పీ చేపలను వదిలాము. నాలుగో రోజుకు అవి నీటి పైభాగానికి చేరి నోళ్లు తెరచి ఆయాసపడసాగాయి. తొమ్మిదో రోజు ఉదయానికి ఏడు చనిపోయాయి. నీరు మాత్రం అడుగున ఉన్న రాళ్లు లెక్కపెట్టగలిగినంత తేటగా ఉంది. "నీళ్లు ఇంత శుభ్రంగా ఉన్నాయి కదా నాన్నా, మరి ఎందుకు చచ్చిపోయాయి?" అని అమ్మాయి అడిగితే నాకు వెంటనే జవాబు తోచలేదు.

ఆ జవాబు నాకు తెలియనిది కాదు. నేలలో నత్రజని పొందే మార్పులను పాతికేళ్లుగా విద్యార్థులకు బోధిస్తున్నాను. తరగతిలో చెప్పే ఆ పాఠమే ఇంట్లో నా కళ్లెదుట జరుగుతుంటే గుర్తించలేకపోయాను. కొత్తగా అక్వేరియం పెట్టుకొనే వారిలో చాలామంది చేసే పొరపాటు ఇదే కనుక, దాని కారణాన్ని, నివారణను ఇక్కడ వివరిస్తున్నాను.

తేట నీటిలో కనిపించని విషం

మేతలోని మాంసకృత్తుల నుంచి చేప శరీరం వదిలించుకొనే నత్రజనిలో అధిక భాగం అమ్మోనియా రూపంలో మొప్పల ద్వారా నీటిలో కలుస్తుంది. మిగిలిపోయిన మేత, విసర్జితాలు, కుళ్లిన ఆకుల నుంచి కూడా అమ్మోనియా వెలువడుతుంది. చెరువులో ఇది పలుచబడుతుంది. నాచు, మొక్కలు, సూక్ష్మజీవులు దానిని వినియోగించుకొంటాయి. కొత్త తొట్టెలో ఆ వ్యవస్థ ఇంకా ఏర్పడలేదు కనుక రోజురోజుకు పేరుకుపోతుంది. దానికి రంగు లేదు. నీటి తేటదనాన్ని చూసి పసిగట్టలేము.

నీటిలో అమ్మోనియా రెండు రూపాలలో ఉంటుంది: అమ్మోనియం అయాను, స్వేచ్ఛా అమ్మోనియా. చేపలకు ప్రధానంగా హాని చేసేది రెండవది. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉదజని సూచిక 7 ఉన్నప్పుడు మొత్తంలో దాని వాటా 0.6 శాతమే. సూచిక 8కి చేరితే సుమారు 5 శాతం, 9కి చేరితే మూడో వంతుకు మించుతుంది. క్షార నేలలపై చల్లిన యూరియాలోని నత్రజని గాలిలో కలిసిపోవడానికి కూడా కారణం ఈ మార్పే.

నేలలోని పాఠమే తొట్టెలోనూ

ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు ష్లోజింగ్, ముంట్జ్ 1877లో ఇసుక, సున్నపురాయి పొడి నింపిన పొడవైన గొట్టం గుండా మురుగునీటిని మెల్లగా పంపారు. సుమారు 20 రోజుల వరకు అమ్మోనియాలో మార్పు లేదు. ఆ తరువాత అది నైట్రేటుగా మారసాగింది. క్లోరోఫాం ఆవిరి సోకించగానే ఆ మార్పు ఆగిపోయింది. నత్రీకరణ సూక్ష్మజీవుల పని అని ఆ విధంగా తేలింది. నేటి అక్వేరియం ఫిల్టరు ఆ గొట్టానికి చిన్న రూపమే. మనం వేచి ఉండవలసిన కాలమూ ఇంచుమించు ఆ 20 రోజుల వంటిదే.

ఈ మార్పు రెండు దశలలో జరుగుతుంది. నైట్రోసోమోనాస్ వంటి సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తాయి. నైట్రైటు కూడా విషమే. రక్తం ప్రాణవాయువును మోసే శక్తిని అది దెబ్బతీస్తుంది. రెండవ దశలో నైట్రైటు నైట్రేటుగా మారుతుంది. నేల పాఠాలలో ఈ దశకు నైట్రోబాక్టర్‌ను పేర్కొంటాము. మంచినీటి అక్వేరియంలలో ఈ పని ఎక్కువగా చేసేది నైట్రోస్పైరా. నైట్రేటు తక్కువ మోతాదులో చేపలకు అంతగా హాని చేయదు, మొక్కలకు ఆహారమవుతుంది.

ఈ సూక్ష్మజీవులు చాలా నెమ్మదిగా వృద్ధి చెందుతాయి. ఇవి నీటిలో తేలియాడడం తక్కువ. ఫిల్టరు స్పాంజికి, గులకరాళ్లకు పొరలా అంటుకొని జీవిస్తాయి. వాటిని ముందుగా పెంచి, తరువాత చేపలను వదలడాన్నే అక్వేరియం అభిరుచి గలవారు సైక్లింగ్ అంటారు.

తొట్టెను సిద్ధం చేయడం

60 సెం.మీ. పొడవు, 30 సెం.మీ. వెడల్పు, 30 సెం.మీ. ఎత్తు గల తొట్టె మొదటిసారికి అనువైనది. రాళ్లు, పైన వదిలే ఖాళీ పోగా అందులో సుమారు 45 లీటర్ల నీరు పడుతుంది. చిన్న గాజు గిన్నె సులభమని భావించడం పొరపాటు. నీరు తగ్గిన కొద్దీ విషం గాఢత త్వరగా పెరుగుతుంది. తొట్టెను నేరుగా ఎండ పడని చోట, సమతలంగా ఉన్న దృఢమైన బల్లపై ఉంచాలి. గులకరాళ్లను సబ్బు వాడకుండా కడగాలి.

కుళాయి నీటిలోని క్లోరిన్ చేపలకు, సూక్ష్మజీవులకు కూడా హానికరం. నీటిని బకెట్లలో పట్టి 24 గంటలు గాలి బుడగలు పంపాలి, లేదా సోడియం థయోసల్ఫేటు ఉన్న క్లోరిన్ నివారిణి కలపాలి. బోరు నీటిలో క్లోరిన్ ఉండదు కానీ కొన్ని చోట్ల నైట్రేటు ముందే ఎక్కువగా ఉంటుంది. ఒకసారి పరీక్షించి వాడాలి.

ఆర్.ఓ. యంత్రం నీటిని ఒక్కదానినే నింపరాదు. ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నత్రజని నైట్రేటుగా మారేటప్పుడు, కాల్షియం కార్బొనేటు లెక్కన సుమారు 7 మిల్లీగ్రాముల క్షారత ఖర్చవుతుంది. ఆర్.ఓ. నీటిలో ఆ నిల్వ లేనందున ఉదజని సూచిక పడిపోయి సూక్ష్మజీవుల పని మందగిస్తుంది. ఏళ్ల తరబడి అమ్మోనియం సల్ఫేటు వేసిన నేల ఆమ్లమయం కావడం మనకు తెలిసినదే.

చేపలు లేకుండా సైక్లింగ్

1. ఫిల్టరును రాత్రింబవళ్లు నడపాలి. నీటి ఉష్ణోగ్రత 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండడం మంచిది.

2. సూక్ష్మజీవులకు ఆహారంగా ప్రయోగశాల శ్రేణి అమ్మోనియం క్లోరైడును 45 లీటర్లకు 0.34 గ్రాముల చొప్పున కరిగించి కలపాలి. దీనితో లీటరుకు 2 మిల్లీగ్రాముల అమ్మోనియా నత్రజని లభిస్తుంది. అది దొరకకపోతే రోజూ చిటికెడు చేప మేత వేసి కుళ్లనివ్వవచ్చు.

3. వ్యాధులు లేని పాత తొట్టె నుంచి ఫిల్టరు స్పాంజి ముక్క దొరికితే తడి ఆరకుండా తెచ్చి మన ఫిల్టరులో ఉంచాలి. పప్పుధాన్యాల విత్తనాలకు రైజోబియం పట్టించడం వంటిదే ఇది. దీనివల్ల సైక్లింగ్ కాలం తగ్గుతుంది.

4. రెండు రోజులకొకసారి అమ్మోనియా, నైట్రైటు, నైట్రేటు పరీక్షించి పుస్తకంలో రాసుకోవాలి. మొదట అమ్మోనియా తగ్గుతూ నైట్రైటు పెరుగుతుంది. తరువాత నైట్రైటు తగ్గుతూ నైట్రేటు పెరుగుతుంది. అమ్మోనియా అయిపోయినప్పుడల్లా అదే మోతాదు మళ్లీ ఇవ్వాలి. నైట్రైటు విపరీతంగా పెరిగితే, అది తగ్గే వరకు మోతాదు ఆపాలి.

5. పూర్తి మోతాదు వేసిన 24 గంటలలో అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకు చేరితే సైక్లింగ్ పూర్తయినట్లు. సాధారణంగా దీనికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. అప్పుడు సగానికి పైగా నీరు మార్చి, ఒకటి రెండు రోజులలోనే చేపలను వదలాలి. ఆలస్యమైతే సూక్ష్మజీవులకు ఆహారం కరవవుతుంది.

చేపల ఎంపిక

కఠినత్వం గల నీటికి గప్పీ, ప్లాటీ అనుకూలం. మన దేశంలో సహజంగా లభించే జీబ్రా డానియో కూడా గట్టి చేపే. 45 లీటర్లకు ముందుగా ఆరు చిన్న చేపలు వదలి, రెండు వారాల తరువాత మరి నాలుగు చేర్చవచ్చు. గప్పీలలో మగవాటినే తెచ్చుకొంటే సంఖ్య అదుపులో ఉంటుంది. గోల్డ్ ఫిష్ ఇంత చిన్న తొట్టెకు తగదు. పెంచలేని చేపలను చెరువులలో, కాలువలలో వదలరాదు. అక్వేరియంల కోసం తెచ్చిన సక్కర్ చేప మన చెరువులలో వ్యాపించి మత్స్యకారులకు సమస్యగా మారింది.

నిత్య నిర్వహణ

రోజుకు ఒకటి రెండు సార్లు, రెండు నిమిషాలలో తినగలిగినంత మేతే వేయాలి. వారానికొకసారి నాలుగో వంతు నీరు తీసి, అదే ఉష్ణోగ్రత గల క్లోరిన్ లేని నీరు పోయాలి. నైట్రేటు లీటరుకు 40 మిల్లీగ్రాములు మించకుండా చూడాలి. వాలిస్నేరియా వంటి నీటి మొక్కలు ఇందుకు తోడ్పడతాయి. తీసిన నీటిని పారబోయక పూలకుండీలకు పోయవచ్చు.

ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద కడగరాదు. తొట్టె నుంచి తీసిన నీటిలోనే పిండి, తిరిగి అమర్చాలి. స్పాంజి, గులకరాళ్లు ఒకేరోజు శుభ్రం చేస్తే సూక్ష్మజీవులు నశించి తొట్టె మళ్లీ మొదటికి వస్తుంది. వేపనూనె, వేప కషాయం వాడవద్దు. పొలంలో నత్రీకరణను నెమ్మదింపజేయడానికి వేపపూత యూరియా వేస్తాము; తొట్టెలో మనకు కావలసినది దానికి వ్యతిరేకం.

నత్రీకరణకు ప్రాణవాయువు తప్పనిసరి. కరెంటు గంటల తరబడి పోతే ఫిల్టరులోని సూక్ష్మజీవులు కూడా దెబ్బతింటాయి. బ్యాటరీతో నడిచే గాలి పంపు సిద్ధంగా ఉంచుకోవాలి; కరెంటు వచ్చే వరకు మేత వేయరాదు. ఎప్పుడైనా చేపలు పైకి చేరి ఆయాసపడితే మందుల కోసం చూడక, మొదట నీటిని పరీక్షించి సగం మార్చాలి. నైట్రైటు కనిపిస్తే లీటరుకు 0.1 నుంచి 0.2 గ్రాముల సాధారణ ఉప్పు కరిగించి కలిపితే, అందులోని క్లోరైడు నైట్రైటు మొప్పలలోకి చేరడాన్ని తగ్గిస్తుంది.

మా ఇంట్లో మిగిలిన మూడు గప్పీలను సహోద్యోగి ఇంటి పాత తొట్టెకు తరలించి, అక్కడి స్పాంజి ముక్కతో మళ్లీ మొదలుపెట్టాము. రోజువారీ విలువలు రాసే పని అమ్మాయి తీసుకొంది. చేపలు లేని తొట్టె చూసి ఇంటికి వచ్చినవారు నవ్వేవారు. 23వ రోజున రెండు గడులలోనూ సున్నా రాసి, పుస్తకం నా ముందు పెట్టింది. ఆ మరునాడే మూడు గప్పీలను వెనక్కు తెచ్చుకొన్నాము. ఆ పుస్తకాన్ని ఇప్పుడు నత్రీకరణ పాఠం రోజున తరగతికి తీసుకువెళ్తున్నాను.