తరలింపులో తప్పిపోయే మాటలు

"పాత సంచికలన్నీ కంప్యూటరులోకి ఎక్కించేశాం, ఇక చెదల భయం లేదు" అన్న మాట ఈమధ్య మన సభల్లో తరచుగా వినబడుతోంది. చెదల మట్టుకు నిజమే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద విరుచుకుపడ్డాక, తడిసి ముద్దయిన పుస్తకాలను డాబా మీద ఆరబెట్టుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. కాగితమే శాశ్వతమన్న వాదన ఆనాటితో మానేశాను. అయితే ఎక్కించడంతో పని ముగిసిందనుకోవడం పొరపాటు. కంప్యూటరులో రచన ఒకచోట స్థిరంగా వుండదు. కొన్నేళ్ళకు ఆ సాఫ్టువేరు పాతబడుతుంది, లేదా సైటు నడిపేవాళ్ళు అలసిపోతారు. రచనలన్నిటినీ మూటగట్టి కొత్త ఇంటికి చేర్చవలసి వస్తుంది. ఆ ప్రయాణంలో ఏ మాటలు క్షేమంగా చేరుతున్నాయి, ఏ మాటలు దారిలో దెబ్బతింటున్నాయి అన్న ప్రశ్నను సాంకేతిక నిపుణులకు వదిలేసి మనం చేతులు కడుక్కోవడానికి లేదు.

నిరుడు ఒక సాహిత్య సంస్థ తన పాత కథాసంకలనం ఒకదాన్ని వెబ్‌సైటు నుంచి వికీలోకి మార్చింది. పోర్టు కార్మికుల మీద, ఉక్కు కర్మాగారం కోసం భూములిచ్చిన వూళ్ళ మీద వచ్చిన కథలవి. తరలింపు అయ్యాక సరిచూడమని నాకిచ్చారు. ముందుమాటలో గ్రాంథికపు వాసన గల రెండు పేజీలున్నాయి. వాటిలో ఒక్క అక్షరం కూడా చెదరలేదు. కథల్లోకి వచ్చేసరికి మాత్రం 'స్టీల్‌ప్లాంట్' కాస్తా 'స్టీల్ప్లాంట్' అయి కూర్చుంది. 'షిప్‌యార్డ్‌లో' అన్నది 'షిప్యార్డ్లో' అయింది. 'డాక్‌లో' అన్నది 'డాక్లో' అయింది. ఒక కథలో ముసలమ్మ 'వొచ్చీసినాడు' అంటే కొత్త ప్రతిలో 'వచ్చేశాడు' అని వుంది. ఆమె నోట 'ఎల్లిపోనాడు' అన్న మాట 'వెళ్ళిపోయాడు'గా మారింది. వీటిలో మొదటి రకం తప్పులకు కారణం వేరు, రెండో రకానికి వేరు.

మొదటిది చూద్దాం. యూనికోడులో పొల్లు హల్లు తరువాత మరో హల్లు వస్తే అది వత్తుగా మారిపోతుంది. అలా మారకూడదని చెప్పడానికి ఆ రెంటి మధ్య ఒక గుర్తు పెడతారు. దానికి రూపం లేదు, వెడల్పు లేదు, తెర మీద కనబడదు. యూనికోడు పట్టికలో దాని సంఖ్య 200సి. ఒకచోటి నుంచి మరోచోటికి అతికించిన పాఠ్యంలో కనబడని చెత్త చాలా చేరుతుంది గనుక, తరలింపు ప్రోగ్రాము రాసేవాళ్ళు 'అదృశ్య చిహ్నాలన్నీ తీసెయ్' అని ఒక వాక్యం రాసుకుంటారు. చెత్తతోపాటు ఈ గుర్తూ పోతుంది.

తెలుగు అజంత భాష అని బడిలో పాఠం చెబుతాం. అచ్చుతో ముగిసే మాటకు ఈ గుర్తుతో అవసరమే లేదు. కావ్యభాష, పత్రికా సంపాదకీయాల భాష ఆ ప్రోగ్రాము కింద నుంచి సురక్షితంగా నడిచివెళ్ళిపోతాయి. దెబ్బతినేవి హల్లుతో ముగిసి విభక్తి తగిలించుకునే మాటలు. అవి ఎక్కడివి? క్రేన్, షిఫ్ట్, గేట్‌పాస్, బ్లాస్ట్ ఫర్నేస్, ఓవర్‌టైమ్. 1933లో ఓడరేవు తెరిచిన నాటి నుంచి, 1941లో సింధియా వారి నౌకానిర్మాణ కేంద్రం మొదలైన నాటి నుంచి, 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగిన నాటి నుంచి ఈ వూరి శ్రామికుడు తన పనితోపాటు నేర్చుకున్న మాటలు. ఎవరూ కుట్ర చేయలేదు. ప్రోగ్రాము రాసిన యువకుడి మనసులో తెలుగు అంటే ఏ తెలుగు మెదిలిందో, దాని లక్షణమే ప్రోగ్రాముకు వచ్చింది. 'సర్వరు', 'ఫాంటు' అని ఉకారం తగిలించి ఈ చిక్కును దాటేయడం మా పంతుళ్ళకు అలవాటు. ఈ వ్యాసంలో నేనూ చాలాచోట్ల అదే చేస్తున్నాను. కాని డాక్‌లో పనిచేసిన మనిషి 'డాకులో పనిచేశాను' అనడు గదా!

ఈ గుర్తు ఒకసారి పోతే యంత్రం చేత తిరిగి పెట్టించడం కష్టం. 'క్లాసు'లో క్కి ల వత్తు న్యాయమైనదే, 'డాక్లో' అన్నచోట కాదు. ఆ తేడా అర్థం తెలిసిన మనిషికే తెలుస్తుంది. అందుచేత తరలించక ముందే పాత ప్రతిలో 200సి ఎన్నిసార్లు వుందో లెక్కపెట్టించాలి. తరలించాక కొత్త ప్రతిలోనూ లెక్కపెట్టించాలి. లెక్క తేడా వస్తే పని ఆపాలి. ఇది అయిదు నిమిషాల పని. ఆ సంస్థవారు ఇది చేయకపోవడం వల్ల ఇద్దరం కూర్చుని నెలరోజులు కళ్ళు కాయలు కాసేలా దిద్దవలసి వచ్చింది.

రెండో రకం తప్పు ఇంకా లోతైనది. వికీల్లో ఒకే వర్తని పాటించడం కోసం 'ఈ రూపం కనిపిస్తే ఆ రూపంగా మార్చు' అని ఒక పట్టిక తయారుచేసుకుని యంత్రానికి అప్పగిస్తారు. విజ్ఞాన సర్వస్వానికి అది అవసరమే. ఒక వ్యాసంలో ఒకలాగ, ఇంకో వ్యాసంలో ఇంకోలాగ వుంటే వెతికేవాడికి దొరకదు. కథకూ నాటకానికీ అదే పట్టిక వర్తింపజేస్తే జరిగేది దిద్దుబాటు కాదు, పాత్ర గొంతు నొక్కడం. రావిశాస్త్రి కథల్లోని విశాఖ కోర్టు మెట్ల భాషను ఇలాంటి పట్టిక గుండా పంపిస్తే అవతల ఏం మిగులుతుందో వూహించుకోవచ్చు.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది, తెలుగు వికీసోర్స్ 2005లో. రెండూ మీడియావికీ అనే ఒకే సాఫ్టువేరు మీద నడుస్తున్నా వాటి ధర్మాలు వేరు. వికీపీడియాలో వ్యాసాన్ని ఎవరైనా తిరగరాయవచ్చు. వికీసోర్సులో అచ్చు పుస్తకపు పేజీ బొమ్మ ఒకపక్క, దాని పాఠం మరోపక్క వుంటాయి. బొమ్మలో వున్నదే పాఠంలో వుండాలి. దిద్దని పేజీకి ఎరుపు, ఒకరు దిద్దితే పసుపు, రెండో మనిషి కూడా సరిచూస్తే ఆకుపచ్చ. మన సాహిత్య విద్యార్థులు ఎం.ఏ.లో గ్రంథపరిష్కరణ అని చదువుకునేది ఇదే. 'కన్యాశుల్కం' 1897లో అచ్చయింది. గురజాడ దాన్ని చాలావరకు తిరగరాసి 1909లో మళ్ళీ వేశాడు. ఆ రెండింటినీ కలిపేసి ఎవరో 'మంచి ప్రతి' తయారుచేస్తే మనం ఒప్పుకోము. వికీలోనూ ఒప్పుకోరాదు.

పాత అచ్చును యంత్రం చేత చదివించినప్పుడు వచ్చే చిక్కులు ఒక పెద్ద కథ. ఒక్కటి చెబుతాను. వెనకటి పుస్తకాల్లో 'కర్మ' అన్నదాన్ని మకారం పక్కన వలపలగిలక పెట్టి వేసేవారు. అది చూపుకి తెలుగు తొమ్మిది అంకెలా వుంటుంది. యంత్రం దాన్ని తొమ్మిదిగానే చదివేస్తే దాని తప్పేం లేదు. నకారపొల్లుకైతే యూనికోడులో సొంత స్థానం 2021లో గాని రాలేదు.

1990ల నాటి డీటీపీ ఫైళ్ళది ఇంకో రకం తిప్పలు. ఆనాటి ఫాంట్లలో రోమన్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు అమర్చుకునేవారు: తలకట్టొక ముక్క, గుడి ఒక ముక్క, వత్తు ఒక ముక్క. ఫైల్లో అవి కంటికి కనిపించే వరసలో వుంటాయి. యూనికోడు పలికే వరసలో రాసుకుంటుంది. 'స్త్రీ' అన్న మాట తీసుకోండి. కంటికి సకారం మీదే గుడిదీర్ఘం వుంది, కింద రెండు వత్తులున్నాయి. పలికేటప్పుడు స, త, ర అన్నీ అయ్యాకే ఈకారం. మార్పిడి ప్రోగ్రాము ఆ దీర్ఘాన్ని ఎత్తి చివరికి తీసుకుపోవాలి. తెలుగు వికీపీడియాకు ఆద్యుడైన వెన్న నాగార్జున తయారుచేసిన 'పద్మ' ఇలాంటి పని చేసిన తొలి పరికరాల్లో ఒకటి.

ఇక 'పేజీ అంతా పిచ్చిగీతలు వచ్చాయి, పుస్తకం పోయింది' అని కంగారుపడేవారికి. పిచ్చిగీతలన్నీ ఒకటి కావు. ఖాళీ డబ్బాలు కనిపిస్తే పాఠం భద్రంగానే వుంది, చూసే యంత్రంలో తెలుగు ఫాంటు లేదంతే. వరసగా ప్రశ్నార్థకాలు కనిపిస్తే, డేటాబేసులో దాచేటప్పుడే అక్షరాలు పోయివుండవచ్చు. అక్కడ వైద్యం లేదు, పాత ప్రతి దగ్గరకు వెళ్ళాల్సిందే. మూడోది, నెత్తిన గీత వున్న రోమన్ 'ఎ', దాని పక్కన డిగ్రీ సున్నా, లేదా కూడిక తీసివేత కలిసిన గుర్తు పదేపదే రావడం. ఇది చూసి భయపడనక్కర్లేదు. యూనికోడు దాచే పద్ధతిలో తెలుగు గుర్తు ప్రతిదానికీ మూడు బైట్లు. మొదటి బైటు అన్నిటికీ ఒకటే, రెండోది రెండింటిలో ఒకటి. వాటిని పాశ్చాత్య లిపి అనుకుని చదివితే ఈ ఆకారాలు వస్తాయి. బీరువా సరైనదే, తాళంచెవి తప్పు. ఆ స్థితిలో ఎవరూ 'సరిచేద్దాం' అని పేజీని భద్రపరచకూడదు. భద్రపరిస్తే ముడి మీద ముడి పడుతుంది.

ఈ మూడు బైట్ల లెక్కే శీర్షికలనూ పట్టుకుంటుంది. మీడియావికీలో శీర్షికకు 255 బైట్లు హద్దు. ఆంగ్లానికి 255 అక్షరాలు, మనకు 85 గుర్తులు. 'స్త్రీ' ఒక్కటే ఆరు గుర్తులు తింటుంది. వర్డ్‌ప్రెస్ సైటులో తెలుగు చిరునామా ఇరవైరెండో గుర్తు దగ్గరే తెగిపోతుంది. తరలించాక పాత లంకెలు పనిచేయకపోతే మొదట అనుమానించవలసింది దీన్ని.

ఎవరు రాశారన్న చరిత్రను కూడా మోసుకుపోవాలి. వికీలో ప్రతి పేజీ వెనకా ఎవరు ఏ రోజు ఏం మార్చారో వుంటుంది. పేజీని నకలు తీసి అతికిస్తే ఆ శ్రమంతా అతికించిన వాడి పేరు మీదికి పోతుంది. శ్రమ ఎవరిది, పేరు ఎవరిది అని నిత్యం అడిగే మనమే ఆ పని చేయడం బాగుండదు. ఎగుమతి, దిగుమతి సదుపాయం వాడితే చరిత్ర కూడా వస్తుంది. బొమ్మలు మాత్రం విడిగా తెచ్చుకోవాలి. వాటిని వెతుక్కోవలసింది పాత సైటులోనే గనుక, అన్నీ చేరాయని చూసుకునే దాకా దాన్ని మూసేయకూడదు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సైటు ఆగిపోయాక కూడా మనవాళ్ళు వేల తెలుగు పుస్తకాలు చదువుకోగలుగుతున్నారంటే, వాటి నకళ్ళు ఇంటర్నెట్ ఆర్కైవులో వుండబట్టే. ఆ పుస్తకాల పేర్లు రోమన్ లిపిలో తప్పులతడకగా వుంటే, వాటిని తెలుగులోకి తెచ్చిపెట్టడానికి వికీపీడియాలో కొందరు ఒక ప్రాజెక్టే నడిపారు.

ఇంతా చేసి వికీసోర్సులో మన రచనలు పెట్టగలమా అంటే, చట్టం అడ్డువస్తుంది. రచయిత మరణించిన 60 ఏళ్ళ దాకా హక్కులు వారసులవి. 1958లో మరణించిన ఉన్నవ లక్ష్మీనారాయణ రచనలు 2019తో అందరివీ అయ్యాయి. శ్రీశ్రీ (1983) కోసం 2043 చివరిదాకా, రావిశాస్త్రి (1993) కోసం 2053 చివరిదాకా ఆగాలి. శ్రామికుడి భాష కథలోకి దండిగా వచ్చిన కాలపు రచనలు ఎక్కువభాగం ఈ తలుపు వెనకే వున్నాయి. వారసులు స్వేచ్ఛా లైసెన్సు ఇస్తే తప్ప వాటి బరువు చిన్న సంస్థల మీదే పడుతుంది. అదృశ్య చిహ్నాలు లెక్కపెట్టే తీరిక లేని సంస్థలు అవే.

మా సంకలనం పని చివరికి పాత పద్ధతిలోనే తేలింది. ఒకరు అచ్చు ప్రతి పైకి చదవడం, మరొకరు తెర మీద వేలు పెట్టి చూడడం. ముసలమ్మ మాటలు ముసలమ్మకు తిరిగి ఇచ్చాం. ఒక కథలో మాత్రం తుపానుకు తడిసిన పేజీ మీద ఒక క్రియాపదం అలుక్కుపోయింది. ఇంకో అచ్చు ప్రతి దొరకలేదు. వికీలో వున్న రూపం శుద్ధమైన శిష్టవ్యావహారికం. చుట్టూ వున్న మాటలు చూస్తే రచయిత అలా రాసివుండడని మా ఇద్దరికీ అనిపించింది. మాకు తోచింది పెట్టలేదు. ఆ మాట పక్కన ఒక ప్రశ్నార్థకం వుంచి, పేజీని పసుపు రంగులోనే వదిలేశాం.