సారె తిప్పలేని కుమ్మరి

పిల్లలూ! మన మలికిపురంలో మట్టికుండలో నీళ్ళు పోస్తే కుండ చెమరుస్తుంది. ఆవకాయ జాడీ చెమర్చదు. ఎందుకో తెలుసునా? జాడీమీద గాజువంటి పూత ఉంటుంది. అలాంటి పూత పాత్రలతో లోకమంతా పేరు పొందిన ఒక కుమ్మరి కుటుంబం కథ చెబుతాను, వినండి.

ఇంగ్లండులో బర్స్‌లెం అనే ఊళ్ళో 1730లో జోసయా వెడ్జ్‌వుడ్ పుట్టాడు. తాతతండ్రులు కుమ్మరులే. తొమ్మిదో ఏట తండ్రి పోయాడు. బాలుడు అన్నగారి దగ్గర పని నేర్చుకున్నాడు. ఇంతలో మశూచి సోకి కుడి మోకాలు చెడింది. అక్కడి సారెను కాలితో తిప్పాలి. మరి ఆ కుమ్మరికి బ్రతుకుతెరువేది?

జోసయా దిగులుపడి కూర్చోలేదు. మట్టిపాళ్ళు, పూతలు మార్చి మార్చి వేలకొద్దీ ముక్కలు కాల్చి చూశాడు. ప్రతి ఫలితమూ పుస్తకంలో వ్రాసుకున్నాడు. 1759లో సొంత కార్ఖానా పెట్టాడు. అతని మీగడరంగు పాత్రలను షార్లెట్ రాణి మెచ్చుకున్నది. వాటికి “రాణిగారి పాత్రలు” అని పేరు వచ్చింది. 1768లో ఆ కాలు తీసివేయవలసివచ్చినా పని ఆగలేదు. 1774 నాటికి రష్యా రాణి కేథరిన్ కోసం 952 పాత్రలు తయారుచేయించాడు.

ఆవంలో వేడి ఎంత ఉన్నదో తెలిసేదెలా? మట్టిబిళ్ళ కాలినకొద్దీ కుంచించుకుపోతుంది. ఆ తగ్గుదలను కొలిచి వేడిని చెప్పే సాధనాన్ని 1782లో కనిపెట్టాడు.

1787లో, సంకెళ్ళతో మోకరిల్లిన బానిస బొమ్మగల బిళ్ళలు చేయించి, వాటిని అమ్మకుండా పంచిపెట్టాడు. బానిస వ్యాపారం ఆగాలని ఆయన కోరిక. 1795లో ఆయన కన్నుమూశాడు. 1807లో బ్రిటిషు ప్రభుత్వం ఆ వ్యాపారాన్ని నిషేధించింది.

పిల్లలూ! ఈసారి మీ లెక్క తప్పితే చెరిపివేయకండి. ఎక్కడ తప్పిందో ప్రక్కన వ్రాసి పెట్టుకోండి. జోసయా చేసినదీ అదే!